ఊఁ అంటే చాలదు

ఇంజనుకు స్టీరింగు ఏదని అందరికంటే ముందు అడిగింది రెండు జడల పిల్ల.

అది షెడ్డులో ఓ మూల నిలబెట్టిన పాత ఇంజను. దాని పరుగులన్నీ ఎప్పుడో అయిపోయాయి. బడిపిల్లలకు చూపించడానికి రంగు వేసి ఉంచారు. లోపల కుడివైపు ఒక సీటు, ఎడమవైపు ఒక సీటు, మధ్యలో మనిషి ఒక్కడు నిలబడేంత చోటు. ఆ చోటులో నిలబడ్డ అసిస్టెంటు డ్రైవరు తల గోక్కున్నాడు. ఇన్నేళ్లుగా ఇంజనెక్కి దిగుతున్నాడు కానీ, ఇందులో లేనిదేమిటని అతన్ని ఎవరూ అడగలేదు.

"స్టీరింగు ఉండదమ్మా. పట్టాలు ఎటు తీసుకెళ్తే అటే పోతాం."

"మరి ఎదురుగా ఆవు వస్తే?"

"హారను కొడతాం."

"ఆవుకి చెవుడైతే?"

"బ్రేకు వేస్తాం."

"బ్రేకు పట్టకపోతే?"

కింద నిచ్చెన దగ్గర నిలబడి, ఎక్కిన పిల్లల్ని దించుతూ దిగిన పిల్లల్ని లెక్కపెట్టుకుంటున్న టీచరమ్మ నవ్వింది. "దాన్ని బళ్లో ప్రశ్నలపుట్ట అంటామండీ. దానికి జవాబు చెప్పినకొద్దీ చెప్పాల్సి వస్తుంది. మీరు ఎక్కడో ఒకచోట ఆపేయండి."

"పడుతుందమ్మా," అన్నాడతను. "బ్రేకు ఎప్పుడూ పడుతుంది."

అన్నాక నోట్లో ఏదో చేదు తగిలినట్టయింది. ఎందుకంటే ఇదే మనిషి గురువారం నాడు పెద్దాఫీసులో, విచారణ అధికారి ముందు నిలబడి, ఆ రోజు బ్రేకు పట్టలేదని చెప్పాలి. చెబుతానని ఫోర్‌మన్‌కు మాట కూడా ఇచ్చేశాడు.

పిల్లలు ఒక్కొక్కరే డ్రైవరు సీటెక్కి దిగారు. ఒకడు హారను తాడు వదలలేదు. ఇంకొకడు, బూరెబుగ్గలవాడు, సీటెక్కగానే వెనక్కి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. వాడికి బళ్లో పేరు కునుకుబాబట. అన్నం తిన్నాక వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడే పడక. ఈ వారమంతా రైళ్ల పాఠమేననీ, రోజూ మధ్యాహ్నం తీసుకొస్తాననీ, రేపు బ్రేకుల గురించి చెప్పమనీ టీచరమ్మ అడిగింది. సరేనన్నాడు. కాదనడానికి చేతిలో వేరే పనేముంది? బండెక్కకుండా ఆపేసి, విచారణ తేలేదాకా ఈ పిల్లల పని అప్పగించారు. పన్నెండేళ్లు రాత్రనక పగలనక తిరిగిన ఒళ్లు, ఇప్పుడు పని లేక ఇంకా ఎక్కువగా అలిసిపోతోంది. 

పిల్లలు వెళ్లగానే ఫోర్‌మన్ వచ్చాడు. చేతిలో టీ గ్లాసు, మొహంలో కంగారు. 

"ఏదీ, ఇంకోసారి చెప్పు. వరసగా చెప్పు."

"పసుపు సిగ్నలు చూశాం. నేను రంగు పైకి పలికాను. బండి నడుపుతున్న గురువుగారు తిరిగి పలికారు. బ్రేకు వేశారు. బ్రేకు సరిగ్గా పట్టలేదు. ఎర్ర సిగ్నలు దాటి ఇంజను పొడుగంత పోయి ఆగాం."

"అంతే. ఇంకేం అడిగినా గుర్తులేదను. ముందర లైను ఖాళీ, ఎవరికీ చీమ కుట్టలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"మరి బ్రేకులు చూసినావిడ?"

"ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు కదయ్యా. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. మీ ఇద్దరికీ అలా కాదు. ఆయనకి ఈ వయసులో మచ్చ పడితే తట్టుకోలేడు. నీకు పిల్లలున్నారు." ఫోర్‌మన్ గ్లాసులోకి చూసి మిగిలిన టీ నేలమీద పారబోశాడు. "అందరం కలిసి తిరగాల్సినవాళ్లం."

అందరిలో ఫోర్‌మన్ కూడా ఉన్నాడు మరి. సిగ్నలు దాటడానికి ముందురోజు దూరం వెళ్లొచ్చిన ఇద్దరినీ, ఇంటికెళ్లి నడుం వాల్చకముందే మళ్లీ రమ్మని కబురు పెట్టింది అతనే. మనుషులు తక్కువగా ఉన్నారు, ఈ ఒక్కసారికి సర్దుకోండి అన్నాడు. అలాంటి ఒక్కసారులు ఆ షెడ్డులో వారానికి రెండు వస్తాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, ఇక్కడ పిడికిళ్లన్నీ విప్పి ఒకరి ఒళ్లో పోస్తున్నారు.

మర్నాడు పిల్లలకు బ్రేకులు చూపించడానికి వచ్చింది ఆ మనిషే.

షెడ్డులో ఆమెను అందరూ బ్రేకులక్క అంటారు. నలభై దాటిన మనిషి, గట్టి మణికట్లు. తలకు గుడ్డ కట్టుకుని, నూనె మరకల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఇంజను కింద దూరి బయటికి వస్తూ ఉంటుంది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, రబ్బరు గొట్టం ఒకటి ఒళ్లో పెట్టుకుని తను కూడా నేలమీద చతికిలబడింది.

"సైకిలుకి బ్రేకు ఎలా పడుతుంది?"

"నొక్కితే పడుతుంది," అన్నారు పిల్లలు.

"రైలుకి అలా కాదు. రైలు బ్రేకు ఎప్పుడూ పట్టుకుందామనే చూస్తుంటుంది. దాన్ని పట్టుకోకుండా గాలి ఆపుతుంది. ఈ గొట్టాల్లో, ముందు పెట్టె నుంచి చివరి పెట్టె దాకా గాలి నింపుతాం. గాలి ఉన్నంతసేపూ బ్రేకు వదిలేసి ఉంటుంది. గాలి పోయిందనుకో, వెంటనే గబుక్కున పట్టేసుకుంటుంది."

"గొట్టం తెగిపోతే?" అంది ప్రశ్నలపుట్ట.

"గాలి పోతుంది. బండి ఆగిపోతుంది."

"పెట్టె ఊడిపోతే?"

"అప్పుడూ గాలి పోతుంది. ఆగిపోతుంది."

"అంటే ఏం పాడైనా ఆగిపోవడమేనా?"

"అంతేనమ్మా. పాడైతే ఆగిపోవాలి, పోతూ ఉండకూడదు. దీన్ని కట్టినవాళ్లు అలా కట్టారు."

పిల్లలందరూ బుగ్గల నిండా గాలి నింపుకుని రైలు పెట్టెల్లా వరసగా కూర్చుని ఊగారు. ఒకరి తర్వాత ఒకరు గాలి వదిలేసి, ఒకరినొకరు పట్టుకుని ఆగిపోయారు. కునుకుబాబు మాత్రం నిజంగానే ఆగిపోయి, పక్కవాడి భుజం మీద గుర్రు పెట్టాడు. బ్రేకులక్క పైకి కేకేసింది. అసిస్టెంటు ఇంజనులో పిడి లాగాడు. బుస్సుమని గాలి పోయింది. బ్రేకు బ్లాకులు చక్రాలను ధన్‌మని కరిచాయి. ఆమె వంగి బ్లాకుకూ చక్రానికీ మధ్య వేలు పెట్టబోయి, సందు దొరకలేదని చూసుకుని, ఎప్పుడూ అనే మాటే అంది.

"పట్టింది."

ప్రతి బండికీ, ప్రతి చక్రానికీ ఆమె ఆ మాట పైకే అంటుంది. వినేవాళ్లుండనీ, లేకపోనీ. పిల్లలకది తెగ నచ్చింది. ఇంజను చుట్టూ తిరుగుతూ ప్రతి చక్రం దగ్గరా వంగి పట్టింది, పట్టింది అని అరిచారు. వెళ్లేటప్పుడు గాలత్తా టాటా అన్నారు. బ్రేకులక్క కాస్తా గాలత్త అయిపోయినందుకు ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విందేమో, నవ్వు మధ్యలోనే అలసిపోయింది.

గొట్టం చుట్టుకుంటూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"తమ్ముడూ, ఒక మాట అడగనా?"

"అడుగక్కా."

"ఆ రోజు బ్రేకు నిజంగా పట్టలేదా?"

అతను నిచ్చెన మెట్టు మీది మట్టిని కాలితో గీకాడు.

"ఎందుకడుగుతున్నానంటే, నాకు నిద్ర పట్టడం లేదు. ప్రతి చక్రం దగ్గరా వంగాను. పట్టింది అన్నాను. అన్నట్టే గుర్తు. కానీ రోజూ అనే మాట కదా, ఆ రోజు చూసి అన్నానో, అలవాటుకొద్దీ అనేశానో. కళ్లు మూసుకుంటే ఆ చక్రాలే కనిపిస్తున్నాయి. ఎక్కడ వదిలేశానా అని వెతుకుతున్నా. నేను వదిలేసి ఉంటే చెప్పు, ఒప్పుకుంటా. నా వల్ల ఎవరైనా చచ్చిపోయి ఉంటే ఏం చేసేదాన్ని?"

ఆమె కోపంతో అడిగి ఉంటే అతను ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు. ఆమె నిజంగా తెలుసుకుందామని అడిగింది. ఆ బ్రేకు ఎలా పట్టిందో అతని ఒంటికి తెలుసు. ముందు అద్దానికి నుదురు కొట్టుకున్న చోట బొప్పి ఇంకా పూర్తిగా దిగలేదు.

"ఊఁ," అన్నాడు.

"ఏం ఊఁ? పట్టిందనా, పట్టలేదనా?"

"ఫోర్‌మన్ పిలుస్తున్నట్టున్నాడు అక్కా," అని వెళ్లిపోయాడు. ఎవరూ పిలవలేదు. షెడ్డు వెనక నీళ్ల పంపు దగ్గరికెళ్లి, దాహం లేకపోయినా నీళ్లు తాగి, మొహం కడుక్కుని, మళ్లీ తాగాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్కడే బల్లమీద కూర్చుని ఉన్నాడు గురువుగారు. ఆయన్ని కూడా బండెక్కనివ్వడం లేదు. పనేమీ లేకపోయినా ఉతికిన యూనిఫాం వేసుకుని రోజూ వచ్చి, ఆ బల్లమీద కూర్చుని, వచ్చేపోయే బళ్లను చూసి సాయంత్రానికి ఇంటికెళ్తాడు. ఇతనికి పని నేర్పింది ఆయనే. వాన చీకట్లో సిగ్నలు ఎలా పోల్చుకోవాలో, బరువు బండిని దిగుడులో ఎలా పట్టి ఉంచాలో, పట్టాలు తడిసి చక్రం జారుతుంటే ఇసుక ఎప్పుడు వదలాలో చెప్పినవాడు. మాటలు తక్కువ మనిషి. పది మాటలకు ఒక ఊఁ జవాబు. ఆ ఊఁల్లో సంతోషానికి ఒకటి, చిరాకుకు ఒకటి, నిద్రకు ఒకటి వేరు వేరుగా ఉంటాయని తనకు తెలుసని ఇతని గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

ఇంజనులో పద్ధతి ఏమంటే, సిగ్నలు కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి పలకాలి. డ్రైవరు అదే రంగు తిరిగి పలకాలి. పలకకపోతే అసిస్టెంటు రెండోసారి పలకాలి. అప్పటికీ పలకకపోతే ఆలోచించకుండా తన పక్కనున్న ఎర్ర పిడి లాగి బండి ఆపేయాలి. డ్రైవరు ఎంత పెద్దవాడైనా సరే. అంతా ట్రైనింగులో నేర్చుకున్నదే. కానీ గురువుగారు ఏ రోజూ రంగు తిరిగి పలికిన మనిషి కాదు. పచ్చ అంటే ఊఁ. పసుపు అంటే ఊఁ. ఊఁ అంటూనే చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేది. ఆ తెల్లవారుజామున కూడా పసుపు అన్నాడితను. ఆయన ఊఁ అన్నాడు. చెయ్యి మాత్రం కదల్లేదు. రెండోసారి అందామనుకున్నాడు. నాకు తెలీదనుకున్నావా అని చూస్తాడేమో అనుకున్నాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎరుపు. అప్పుడుగానీ ఇతను ఎర్ర పిడి లాగలేదు.

"రేపు కాక ఎల్లుండి," అన్నాడు గురువుగారు.

"అవునండీ."

"ఏం చెప్తావు?"

"ఫోర్‌మన్ చెప్పమన్నదే చెప్తానండీ."

"ఊఁ."

ఆ ఊఁ ఏ రకమో ఇతనికి అంతు చిక్కలేదు. ఒక గూడ్సు బండి వచ్చి పెట్టె వెనక పెట్టె దాటిపోతుంటే ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. 

ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ అతని మొహం చూసింది. ఆమె ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఇంటికొచ్చాక కూడా చేతిలో మడతలే.

"నిజం చెప్తే ఏమవుతుంది?" అంది.

"గురువుగారి ఉద్యోగం పోవచ్చు. నన్ను మళ్లీ ఇంజనెక్కనివ్వకపోవచ్చు. ఫోర్‌మన్ నన్ను బతకనివ్వడు."

"అబద్ధం చెప్తే?"

"బ్రేకులక్క పోతుంది."

ఆమె దుప్పటి ఒక కొస అతనికిచ్చింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని లాగి దులిపారు. "ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా ఆకుకే చిరుగు," అంది. "నేను ఏ మాటా చెప్పను. చెప్తే రేపు నువ్వు చెప్పబట్టే అంటారు. మీరు ఏది చెప్పినా ఈ ఇల్లు ఎలాగో నడుపుకుందాం. కానీ తర్వాత మీరు నిద్రపోగలిగేది చెప్పండి. మీరు దొర్లుతుంటే నాకూ నిద్ర ఉండటం లేదు."

మూడో రోజు బండి నడిపే ఆట.

టీచరమ్మ అట్టతో మూడు రంగుల పలకలు చేసుకొచ్చింది. ఇంజను ముందు ఒక పిల్లాడు అవి ఎత్తి చూపించాలి. కింద బ్రేకులక్క గొట్టాల్లో గాలి నింపి, చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. పైన ఎడమ సీట్లో ప్రశ్నలపుట్ట. కుడి సీట్లో, తన వంతు వచ్చిందని గొడవ చేసి మరీ ఎక్కిన కునుకుబాబు.

అసిస్టెంటు వాళ్లకు పద్ధతి చెప్పాడు. "నువ్వు రంగు చెప్పాలి. వాడు అదే రంగు మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే ఇంకోసారి చెప్పు. అప్పటికీ చెప్పకపోతే ఈ ఎర్ర పిడి లాగేయ్."

"పచ్చ," అంది పిల్ల.

"పచ్చ," అన్నాడు కునుకుబాబు, కాళ్లూపుతూ.

"పచ్చ."

"పచ్చ."

ముందున్న పిల్లాడికి పచ్చ పలక బాగా నచ్చినట్టుంది, దించడు. షెడ్డు వెచ్చగా ఉంది. కునుకుబాబు కాళ్లు ఊగడం తగ్గింది. బుగ్గ భుజానికి ఆనింది. అప్పుడు లేచింది పసుపు పలక.

"పసుపు."

"ఊఁ," అన్నాడు కునుకుబాబు.

"ఊఁ అనకూడదు. పసుపు అనాలి. పసుపు."

"ఊఁ."

పిల్ల అసిస్టెంటు వైపు తిరిగింది. అతని నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పర్లేదులే అమ్మా. విన్నాడు."

"విన్నాడని మీకెలా తెలుసు?"

జవాబు కోసం ఆ పిల్ల ఆగలేదు. రెండు చేతులా పిడి పట్టుకుని, సీటు మీంచి దాదాపు కిందికి వేలాడి, లాగేసింది. గాలి బుస్సుమంది. బ్లాకులు ధన్‌మని పట్టాయి. ఇంజనంతా ఒక్కసారి అదిరింది. కునుకుబాబు ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, "ఊరొచ్చిందా?" అన్నాడు. కిందనున్న పిల్లలందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"నిద్రపోయాడు," అని తేల్చేసింది పిల్ల. "నిద్రలో కూడా ఊఁ అంటారు. మా తమ్ముడు కథ చెప్తుంటే అలాగే అంటాడు. ఊఁ అంటే చాలదు."

నవ్వుల కింద నుంచి బ్రేకులక్క గొంతు వినబడింది. ఆమె చక్రానికీ బ్లాకుకూ మధ్య చూసి, పిల్లలతోనో తనతోనో అంటోంది.

"పట్టింది."

అతను ఎడమ సీటు వీపు పట్టుకున్నాడు. ఆ రోజు జరిగింది ఇంతే. గురువుగారు నిద్రపోయారు. నిద్రలోనే ఊఁ అన్నారు. అది ఇతనికి అప్పుడే తెలుసు. తెలిసి కూడా, పెద్దాయన్ని రెండోసారి పిలవడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటానికి మర్యాద అని పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ మోస్తున్నాడు. ఏడుపు వచ్చినంత పనైంది. పిల్లల ముందు బాగుండదని హారను తాడు లాగాడు.

గురువారం పెద్దాఫీసు వరండాలో ఒకే ఒక్క పొడుగాటి బల్ల. ఒక చివర గురువుగారు, ఉతికిన యూనిఫాంలో. ఇంకో చివర బ్రేకులక్క. పనిముట్ల సంచీ ఇంటి దగ్గర పెట్టి రమ్మన్నా వినకుండా తెచ్చుకుని, కాళ్ల మధ్య పెట్టుకుంది. మధ్యలో అసిస్టెంటు. ఎదురుగా గోడకానుకుని ఫోర్‌మన్, మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. విచారణ గది తలుపు మూసి ఉంది. లోపల కుర్చీలు సర్దుతున్న చప్పుడు.

అసిస్టెంటుకు రాత్రి పెద్దగా నిద్ర లేదు. కళ్లు మండుతున్నాయి.  అయినా ముందు సంచీ ఉన్న వైపు తిరిగాడు.

"అక్కా, మొన్న అడిగావు కదా. ఆ రోజు బ్రేకు పట్టింది."

ఆమె వెంటనే నమ్మలేదు. "పట్టిందా?"

"పట్టింది. వేసిన మరుక్షణం పట్టింది. నువ్వు వదిలేసిన చక్రం ఏదీ లేదు."

ఆమె సంచీ మీద రెండు చేతులూ పెట్టి, కొంగుకు బదులు తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంది. ఫోర్‌మన్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏంటయ్యా అది? ఇక్కడా ఆ మాటలు?"

"లోపల కూడా ఇవే మాటలు సార్. మమ్మల్ని నిద్ర లేకుండా పిలిపించిన సంగతి కూడా."

ఫోర్‌మన్ ఏదో అనబోతుంటే గది తలుపు తెరుచుకుంది. బంట్రోతు తల బయటికి పెట్టి, డ్రైవరుగారు ముందు రావాలి అన్నాడు. గురువుగారు లేచాడు. లేవడానికి ఆయనకు మోకాళ్లు రెండుసార్లు పట్టుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో ఆయన అంత ముసలివాడిగా ఇతనికి ఎప్పుడూ కనబడలేదు. ఈ మనిషి మీదా నేను చెప్పబోయేది, అనిపించింది.

"గురువుగారూ," అన్నాడు. "నేను ఉన్నదే చెప్తానండీ."

"ఊఁ," అన్నాడాయన, టోపీ సర్దుకుంటూ. తలుపు వైపు నడిచాడు.

అలవాటుకొద్దీ ఇతను కూర్చోబోయాడు. పన్నెండేళ్లుగా ఆ ఊఁ వినగానే కూర్చున్నవాడు. సగం వంగి, మళ్లీ నిలబడ్డాడు.

"గురువుగారూ. ఉన్నదే చెప్తాను."

ఆయన చెయ్యి తలుపు మీద ఆగింది. బంట్రోతు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గురువుగారు వెనక్కి తిరిగి, కోపంగానూ కాక, ప్రేమగానూ కాక, సిగ్నలు వెతుక్కునేటప్పుడు చూసేటంత జాగ్రత్తగా ఇతని మొహంలోకి చూశాడు. ఇతను చూపు దించలేదు. 

"ఉన్నదే చెప్తావు," అన్నాడు గురువుగారు. 

అని, లోపలికి వెళ్లాడు. బంట్రోతు తలుపు పూర్తిగా వెయ్యలేదు. వరండాలో మిగిలిన ముగ్గురికీ కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది, కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది, అధికారి గొంతు సవరించుకుని మొదటి ప్రశ్నగా అదే అడిగాడు.

"బ్రేకు పట్టిందా?"

 ఇతను ఎదురుగా ఉన్న గోడను చూస్తూ, తెలియకుండానే ఎడమ చెయ్యి పక్కకి చాచాడు, అక్కడ పిడి ఏదో ఉన్నట్టు.

"పట్టింది," అన్నాడు గురువుగారు.